పాత కెమెరా లెన్సుకు అమ్మకపు ధర కట్టడం ఎలా?

మూతపడిన ఫోటో స్టూడియోల నుంచి, అటకమీది ట్రంకుపెట్టెల నుంచి, ముప్పై నలభై ఏళ్ల కిందట మస్కట్ నుంచో దుబాయి నుంచో బంధువులు తెచ్చిన సంచుల నుంచి గోదావరి డెల్టాలో పాత కెమెరా లెన్సులు ఇప్పటికీ బయటికి వస్తూనే ఉన్నాయి. వాటిని అమ్మదలచినవారు సాధారణంగా మొదట చేసే పని ఫోనులో ఆ లెన్సు పేరు వెతికి, అక్కడ కనిపించిన అన్నిటికన్నా పెద్ద అంకెను మనసులో నిలుపుకోవడం. మీరు దీనికి ఎదురు వరుసలో వెళ్లాలని నా మనవి. ముందు లెన్సును టార్చి వెలుగులో పూర్తిగా పరీక్షించి, కనబడిన ప్రతి లోపాన్ని కాగితంమీద రాసుకొని, ఆ కాగితం చేతిలో పెట్టుకొని అప్పుడు ధర వెతకండి. ధర ముందుగా తెలిసిపోతే కన్ను లోపాలను చూడటానికి ఇష్టపడదు.

ఈ వరుసను నేను నష్టపోయి నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట పాలకొల్లులో మూసేసిన ఒక స్టూడియో సామానుతో పాటు నాకు ఒక 135 మి.మీ. లెన్సు వచ్చింది. దాని ధర చూసిన సంతోషంలో పగటి వెలుగులో పైపైన తిప్పి చూసి, "గాజు శుభ్రంగా ఉంది" అని రాసి, హైదరాబాదులోని ఒకాయనకు పంపించాను. అందిన రోజునే ఆయన వెనుక నుంచి టార్చి వేసి తీసిన ఫోటో పంపారు. లోపలి గాజు అంచున వరి నారు వేళ్లలాగా తెల్లని పోగులు అల్లుకొని ఉన్నాయి. ఆయన ఒక్క పరుషమైన మాట కూడా అనలేదు. డబ్బు తిరిగి ఇచ్చి, రానుపోను కొరియరు ఖర్చులు నేనే పెట్టుకున్నాను. కాని ఒక మనిషి దృష్టిలో అబద్ధం చెప్పినవాడిగా మిగిలిపోయానన్న బాధ ఆ ఖర్చుకన్నా ఎక్కువ కాలం నన్ను వదలలేదు.

మొదట, చేతిలో ఉన్నది ఏ లెన్సో తేల్చుకోండి

లెన్సు ముందువైపు గాజు చుట్టూ ఉన్న రింగుమీది రాతను అక్షరం పొల్లుపోకుండా కాగితంమీదికి ఎక్కించండి. తయారీ సంస్థ పేరు, లెన్సు పేరు, మిల్లీమీటర్ల అంకె, ఎఫ్ అంకె (లెన్సు ఎంత వెలుగును లోపలికి రానిస్తుందో చెప్పేది), సీరియల్ నంబరు అన్నీ కావాలి, ఎందుకంటే ఒక్క పదం తేడాతో ధర మారిపోతుంది. పెంటాక్స్ వారి తకుమార్ లెన్సులలో "సూపర్-తకుమార్" అన్నది ఒక తరం, 1971 నుంచి గాజుమీద ఏడు పొరల పూతతో వచ్చిన "సూపర్-మల్టీ-కోటెడ్ తకుమార్" దాని తరువాతి తరం. పేరు ఒకటే అయి లోపలి నిర్మాణం వేరైన సందర్భాలు కూడా ఉన్నాయి. సూపర్-తకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 మొదట ఎనిమిది గాజులతో, ఆ తరువాత ఏడు గాజులతో వచ్చింది; ఎనిమిది గాజులదానికి సేకరించేవారు ఎక్కువ ఇస్తారు. సోవియట్ లెన్సులలో చాలావాటికి సీరియల్ నంబరులోని మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. జెనిట్ కెమెరాతో వచ్చిన హీలియోస్-44-2 మీద నంబరు 78తో మొదలైతే అది 1978 నాటిదని మీరు ధైర్యంగా రాయవచ్చు.

ఆ తరువాత మౌంటు, అంటే లెన్సు కెమెరాకు తగులుకునే వెనుక భాగం చూడండి. ఈ రోజు పాత లెన్సు కొనేవారిలో ఎక్కువమంది దానిని అడాప్టరు (వేరు మౌంట్లను కలిపే రింగు) సాయంతో మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని డిజిటల్) కెమెరాకు తగిలించుకోవడానికే కొంటున్నారు కాబట్టి, గిరాకీలో పెద్ద వాటా మౌంటుదే. ప్రతి కెమెరాలోనూ మౌంటు అంచుకు, ఫిల్ము లేదా సెన్సరు తలానికి మధ్య ఒక నిర్ణీత దూరం ఉంటుంది. మరతో బిగించే ఎం42 మౌంటుకు అది 45.46 మి.మీ., నికాన్ ఎఫ్‌కు 46.5, కెనాన్ ఎఫ్‌డీకి 42, సోనీ ఇ మౌంటుకు కేవలం 18. మిర్రర్‌లెస్ కెమెరాలో ఈ దూరం చాలా తక్కువ కాబట్టి, మధ్యన మిగిలే ఖాళీలో అడాప్టరు అమరి దాదాపు ఏ పాత లెన్సైనా సక్రమంగా పనిచేస్తుంది. అదే ఎం42 లెన్సును నికాన్ డీఎస్ఎల్ఆర్‌కు (లోపల అద్దం ఉండే డిజిటల్ కెమెరాకు) తగిలిస్తే, అడాప్టరులో అదనపు గాజు లేకుండా దూరపు వస్తువులు ఫోకస్‌లోకి రావు. "నా నికాన్‌కు పడుతుందా?" అని అడిగిన కుర్రవాడికి ఈ సంగతి ముందే చెప్పగలిగితే, వస్తువు వెనక్కి వచ్చే అవకాశం చాలావరకు తగ్గుతుంది.

39 మి.మీ. మర ఉన్న లెన్సు దొరికితే ఒక్క క్షణం ఆగండి. ఆ మర మూడు వేర్వేరు జాతుల లెన్సులకు ఉంటుంది: లైకా తరహా కెమెరాలవి, తొలినాటి జెనిట్‌లవి, డార్క్‌రూములో ఫోటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జరువి. మొదటి రెండింటికి మర కొలత ఒకటే అయినా, సెన్సరుకు ఉండవలసిన దూరం 28.8 మి.మీ., 45.2 మి.మీ.గా పూర్తిగా వేరు. ఎన్‌లార్జరు లెన్సుకైతే ఫోకస్ రింగే ఉండదు. మన స్టూడియోలలో ఎన్‌లార్జరును పాత ఇనుము కింద తూకానికి వేసేటప్పుడు ఆ చిన్న లెన్సును కూడా దానితోనే పోనిస్తున్నారు, కాని నికాన్ వారి ఎల్-నిక్కర్ వంటి ఎన్‌లార్జరు లెన్సులను పురుగులను, పూల కేసరాలను దగ్గరగా తీసేవారు వెతుక్కొని మరీ కొంటారు. యాషికా ఎలక్ట్రో 35, ఆగ్ఫా క్లిక్ 3 వంటి కెమెరాలకు లెన్సు విడిగా రాదు. దానిని ఊడబెరికి అమ్మే ప్రయత్నం చేయకుండా కెమెరాగానే ధర కట్టండి.

నికాన్ లెన్సైతే ఎపర్చరు రింగును, అంటే వెలుగు వచ్చే రంధ్రాన్ని పెద్దది చిన్నది చేసే రింగును గమనించండి. అంకెలు రెండు వరుసలలో, వెనుక వరుస చిన్న అక్షరాలతో ఉంటే అది 1977లో మొదలైన "ఏఐ" అనే నికాన్ లెన్సుల తరానికో, తరువాతి తరానికో చెందినది. ఒకే వరుస ఉంటే అంతకు ముందరిది కావచ్చు, అలాంటిది కొన్ని తరువాతి కెమెరాలకు తగిలిస్తే వాటి మౌంటు దగ్గరి మీట విరిగే ప్రమాదం ఉంటుంది. ఎఫ్ఎమ్10 కెమెరాతో పాటు వచ్చిన 35–70 మి.మీ. జూమ్‌కు మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి.

టార్చి పరీక్ష

ఈ పనికి రాత్రిపూట దీపాలార్పిన గది మంచిది. రెండు మూతలూ తీసి, ఫోకస్‌ను అనంతానికి (∞ గుర్తుకు) తిప్పి, ఎపర్చరును పూర్తిగా తెరవండి. ఫోను టార్చిని వెనుక గాజుకు కొంచెం ఏటవాలుగా పట్టుకొని ముందు నుంచి చూడండి. తరువాత లెన్సును తిప్పి, ముందు నుంచి వెలుగు వేసి వెనుక నుంచి చూడండి. లెన్సును నెమ్మదిగా తిప్పుతూ ఉంటే ఒక్కొక్క గాజు తలమే వెలుగుపట్టి కనిపిస్తుంది. తొందరపడకుండా దీనికి పది నిమిషాలు ఇవ్వండి.

దుమ్ము రేణువులు తప్పకుండా కనిపిస్తాయి, వాటిని లెక్కలోకి తీసుకోనవసరం లేదు. మన ప్రాంతంలో భయపడవలసింది బూజుకు. అది సాలీడు పోగులలాగా, నాచు వేళ్లలాగా అంచు నుంచి మధ్యకు పాకుతుంది. ఆషాఢం నుంచి కార్తికం దాకా ముసురు, ఆ తరువాత మంచు, చుట్టూ కాలువలు, చేపల చెరువులు. ఇంత చెమ్మలో తోలు సంచిలో పెట్టి బీరువా అడుగున వదిలేసిన లెన్సు బూజు పట్టకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది, కలరా ఉండలు చెమ్మను పీల్చవు. బూజు ఎక్కువ కాలం ఉంటే దాని నుంచి వెలువడే ఆమ్లం గాజుమీది పూతను తినేస్తుంది, అప్పుడు బూజును తుడిచేసినా దాని ఆకారం గాజుమీద మచ్చగా మిగిలిపోతుంది. అందుచేత కాగితంమీద "బూజు ఉంది" అని మాత్రమే రాసి ఊరుకోకుండా, అది ఎపర్చరుకు ముందున్న గాజుల గుంపులోనా వెనుక గుంపులోనా, అంచునా మధ్యనా, ఎంత మేర అన్నది కూడా రాయండి.

బియ్యం కడిగిన నీళ్లలాగా గాజు అంతటా సమంగా పరచుకున్న తెల్లదనం మసక. పగటి వెలుగులో ఇది కంటికి ఆనదు, టార్చి వేయగానే గాజంతా తెల్లబడుతుంది. దీనివల్ల ఎదురు వెలుగులో తీసిన ఫోటో పాలిపోతుంది. నీళ్లమీద పడిన కిరసనాయిలు చుక్కలాగా అంచున రంగురంగుల వలయం కనిపిస్తే, అది అతికించిన రెండు గాజుల మధ్య జిగురు విడిపోతోందనడానికి గుర్తు. పాత లెన్సులలో ఆ జిగురు కెనడా బాల్సమ్ అనే చెట్టు బంక. దీనిని బాగుచేయడం చాలా కష్టం, అయ్యే ఖర్చు చాలాసార్లు లెన్సు విలువను మించిపోతుంది. ఇక గీతల విషయానికి వస్తే, ముందు గాజుమీది సన్నని గీత ఫోటోలో కనిపించకపోవచ్చు, వెనుక గాజుమీద అంతే గీత ఉంటే ఎక్కువ హాని చేస్తుంది.

లెన్సును తెల్ల కాగితంమీద పెట్టి పైనుంచి చూడండి. కాగితం పలచని టీ రంగులో కనిపిస్తే ఆ గాజులో థోరియం ఉండి ఉండవచ్చు. ఏడు గాజుల సూపర్-తకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 ఇందుకు పేరుపడిన ఉదాహరణ. థోరియం రేడియోధార్మిక పదార్థం, దాని ప్రభావంతో గాజు ఏళ్ల తరబడి పసుపెక్కుతుంది. ఆ పసుపు శాశ్వతం కాదు. అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న ఎల్ఈడీ దీపం కింద కొన్ని రోజులుంచితే చాలావరకు విరుగుతుంది. ఎండలో పెట్టినా విరుగుతుంది గాని, రోహిణి కార్తె ఎండలో డాబామీద పెట్టి మరచిపోతే లోపలి గ్రీజు కరిగి ఎపర్చరు రేకులమీదికి పాకుతుంది, పైగా లెన్సు భూతద్దంలా పనిచేసి దగ్గరున్న ఎండుటాకునో గుడ్డనో అంటిస్తుంది. దీపం పద్ధతే క్షేమం. థోరియం సంగతి కొనేవారికి దాచకుండా చెప్పండి. అలాంటి గాజును విప్పి అరగదీసే పని ఎవరూ చేయకూడదు.

గాజు తరువాత యంత్ర భాగం. ఫోకస్ రింగును ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పినప్పుడు ఎక్కడైనా బిగుసుకుంటోందా, గరగరమంటోందా, ఊగుతోందా అని చూడండి. ఎపర్చరు రేకులు పొడిగా మెరవాలి. వాటిమీద నూనె తడి ఉంటే అవి బద్ధకంగా కదులుతాయి. ఎం42 లెన్సులలో చాలావాటికి వెనుక ఒక చిన్న పిన్ను ఉంటుంది. ఎపర్చరును ఎఫ్/16 దగ్గర, మీటను ఆటో దగ్గర పెట్టి ఆ పిన్నును నొక్కితే రేకులు టక్కున మూసుకోవాలి, వదిలితే టక్కున తెరుచుకోవాలి. బిగుసుకున్న రింగులో కుట్టుమిషను నూనెగాని కొబ్బరినూనెగాని వేయకండి, అది చివరికి రేకులమీదికే చేరుతుంది. గాజును పంచె అంచుతో రుద్దకండి. గాలి ఊదే రబ్బరు బుడ్డీతో రేణువులు పోయేవరకు ఊది అక్కడితో ఆపండి.

ఆ ఇంటి చరిత్ర కూడా అడగండి. 1986 ఆగస్టు గోదావరి వరదలోగాని, 1996 నవంబరు తుపానులోగాని నీళ్లు చేరిన ఇంటి సామానైతే, మౌంటు దగ్గరి స్క్రూ తలలలో తుప్పు, అల్యూమినియం అంచుల్లో తెల్లని పొడి, రింగుల సందుల్లో సన్నని ఒండ్రు కనిపిస్తాయి. అలాంటిదానిని పనిచేసే లెన్సుగా అమ్మకుండా, విడిభాగాల కోసమని చెప్పి అమ్మడమే న్యాయం.

లెన్సు తీసే ఫోటోలే దాని విలువకు సాక్ష్యం

అడాప్టరు, మిర్రర్‌లెస్ కెమెరా మీకు లేకపోతే దగ్గరలోని పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరును ఒక పూట సాయం అడగండి. మొదట దూరపు వస్తువును పట్టాలి. రాజమహేంద్రవరం గట్టుమీద నిలబడి రైలు వంతెన కమానులను, ఎపర్చరు పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్/5.6 దగ్గర ఒకటి తీస్తే గాజు మధ్యన, మూలలలో ఎంత స్పష్టంగా ఉందో తెలిసిపోతుంది. అనంతం గుర్తుకు కొంచెం ముందే కమానులు స్పష్టపడితే కంగారు పడనవసరం లేదు, అడాప్టర్లను సాధారణంగా రవ్వంత పొట్టిగానే చేస్తారు. తరువాత సూర్యుడికి దాదాపు ఎదురుగా ఒకటి తీయండి. టార్చి కింద కనిపించిన మసక, బూజు మచ్చలు ఫోటోను నిజంగా ఎంత పాడుచేస్తున్నాయో ఇక్కడ తేలుతుంది. టార్చి ప్రతి లోపాన్నీ పెద్దది చేసి చూపిస్తుంది కాబట్టి, ధర తగ్గించేటప్పుడు ఈ ఫోటోకూ అంతే విలువ ఇవ్వండి.

హీలియోస్-44 వంటి లెన్సుకు ఇంకొక ఫోటో తప్పనిసరి. కార్ల్ జైస్ బయోటార్ 58 మి.మీ. ఎఫ్/2 నమూనామీద తయారైన ఈ లెన్సుకు గిరాకీ అంతా నేపథ్యం సుడి తిరిగినట్టు కనిపించడంలోనే ఉంది. ఆ సుడి ఖాళీ ఆకాశం ముందు రాదు, తెల్లగోడ ముందూ రాదు. వెలుగు చుక్కలు చుక్కలుగా పడే ఆకుల తెర కావాలి, మనిషికి ఆ తెరకు మధ్య తగినంత ఎడం కావాలి. కోనసీమ కొబ్బరితోటను మించిన తెర ఇందుకు ఎక్కడ దొరుకుతుంది! సాయంత్రం నాలుగున్నర ఐదు మధ్య, మట్టల సందుల నుంచి ఎండ వస్తున్నప్పుడు మనిషిని రెండు మీటర్ల దూరంలో నిలబెట్టి, ఎఫ్/2 దగ్గర తీయండి. పెళ్లికి ముందు పాటల చిత్రీకరణకు దిండి, అంతర్వేది, పాపికొండల వైపు వెళ్లే కుర్రవాళ్లు ఆ ఒక్క ఫోటో చూసి ఫోను చేస్తారు. నా అనుభవంలో వర్ణన ఎంత రాసినా రాని పిలుపులు ఆ ఫోటో పెట్టాక వచ్చాయి.

ఇప్పుడు ధర వెతకండి

అడుగుతున్న ధర వేరు, అమ్ముడుపోయిన ధర వేరు. ఎవరైనా తన లెన్సుకు 40,000 అని రాసుకోవచ్చు, ఏడాదిపాటు అది అక్కడే ఉండిపోవచ్చు. మీకు కావలసింది డబ్బు చేతులు మారిన అంకె. ఈబే అనే ఆన్‌లైన్ బజారు భారతదేశపు విభాగం 2018లో మూతపడినా, ఈబే డాట్ కామ్‌లో వెతికి, అమ్ముడైన వస్తువులు మాత్రమే చూపే వడపోత పెట్టుకుంటే గత మూడు నెలల అమ్మకాలు కనిపిస్తాయి. అక్కడ ధరమీద అడ్డగీత ఉంటే, బేరమాడి అంతకన్నా తక్కువకే కొన్నారని అర్థం, అలాంటివాటిని వదిలేయండి. కెమెరాతో కలిపి అమ్మినవాటిని, విడిభాగాలకని అమ్మినవాటిని కూడా తీసేయండి. "మింట్", "ఎక్సలెంట్" వంటి పొగడ్తలను పట్టించుకోకుండా వర్ణనలో బూజు, మసక గురించి ఏమి రాశారో చదవండి. ఎక్సలెంట్ అన్న మాట పక్కనే బూజు ఉందని రాసిన ప్రకటనలు నేను ఎన్నో చూశాను.

అలా మిగిలిన శుభ్రమైన లెన్సుల ధరలు కనీసం పది, రూపాయలలోకి మార్చి, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా రాయండి. లెక్క చూపించడానికి మాత్రమే ఒక వరుస ఇస్తున్నాను, దీనిని ఏ లెన్సుకూ ఖరారైన ధరగా తీసుకోకండి: 6,900, 7,400, 7,900, 8,300, 8,600, 9,000, 9,200, 9,800, 11,500, 16,000. వీటి సగటు 9,460 వస్తుంది. కాని ఆ 16,000 కొత్త పెట్టె, బిల్లు, మూతలు, తోలు సంచితో సహా ఉన్న లెన్సుది. అది ఒక్కటే సగటును పైకి లాగేసింది. అందుచేత సగటును వదిలి నడిమి ధరను పట్టుకోండి. ఐదోదానికి ఆరోదానికి మధ్య 8,800 దగ్గర అది నిలుస్తుంది.

విదేశపు నడిమి ధరను మన దేశంలో ఎలా వాడాలన్న ప్రశ్న మిగిలింది. అక్కడి నుంచి తెప్పించుకునేవారికి దానిపైన రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం పడతాయి, వస్తువు బాగులేకపోతే వెనక్కి పంపడం మరీ భారం. కాబట్టి ఇక్కడే చేతిలో పట్టుకొని చూసుకోగలిగిన లెన్సుకు నడిమి ధర న్యాయంగానే గిట్టుతుంది. పెంటాక్స్ కె1000తో వచ్చిన 50 మి.మీ. ఎఫ్/2 లాంటి లెన్సుల సంగతి మాత్రం వేరు. ఆ కెమెరా 1976 నుంచి 1997 దాకా తయారైంది, మన పెళ్లిళ్ల స్టూడియోలలో తరచుగా కనిపించేది, అందుచేత దాని లెన్సులు ఇక్కడే విరివిగా దొరుకుతాయి. అలాంటివాటికి ఓఎల్ఎక్స్‌లోను, ఫేస్‌బుక్ గ్రూపులలోను మన దేశపు అమ్మకాలనే చూడండి. "అమ్ముడైంది" అని రాసిన ప్రకటన కింద అమ్మినవారికి మర్యాదగా సందేశం పెట్టి, ఎంతకు పోయిందో అడగండి. అడిగినవారిలో సగానికి పైగా నాకు చెప్పారు.

కాగితంమీది లోపాలను ధరలో నుంచి తీసేయండి

ఇక్కడ నేను పాటించే లెక్క చెబుతాను, మీ అనుభవంతో మార్చుకోండి. ఫోటోలో కనిపించని, పనికి అడ్డురాని లోపానికి పది శాతం లోపే తగ్గిస్తాను. బాగుచేయించగలిగిన లోపానికి, అంటే బిగుసుకున్న రింగు, నూనె పట్టిన రేకులవంటివాటికి, మరమ్మతు చేసేవారు అడిగే మొత్తాన్ని, వారి దగ్గరికి పంపి తెప్పించుకునే శ్రమకు కొంత కలిపి తీసేస్తాను. అంచున కొద్దిగా ఉన్న బూజుకు నాలుగో వంతు, మధ్యదాకా పాకినదానికి సగానికి పైగా తగ్గిస్తాను. ఎదురు వెలుగు ఫోటో పాలిపోయేంత మసకకు సగం. గాజుల జిగురు విడిపోయినదానిని విడిభాగాల ధరకే ఇస్తాను.

బూజుకు ఇంత కోత ఎందుకని అడగవచ్చు. బూజు బీజాలు గాలిలో ఎక్కడైనా ఉంటాయి, అవి మొలవడానికి అసలు కారణం చెమ్మే. అయినా కొనేవారికి ఆ లెన్సు తన సంచిలోని మిగతావాటికి అంటిస్తుందేమోనన్న భయం ఉంటుంది. ఆ భయానికి కూడా బజారులో ధర ఉంది, దానిని మనం వాదనతో తగ్గించలేము.

పైన చెప్పిన వరుసనే ఒక ఏడు గాజుల సూపర్-తకుమార్‌కు అన్వయించి చూద్దాం. నడిమి ధర 8,800. దీపం కింద పెట్టినా ఇంకా మిగిలిన లేత పసుపుకు పది శాతం, అంటే 880. వెనుక గుంపు అంచున బూజు తీయించాక మిగిలిన మచ్చకు ఇరవై శాతం, అంటే 1,760. ముందు మూత లేనందుకు 200. మిగిలింది 5,960. శాతాలన్నీ నడిమి ధరమీదే కట్టండి, తగ్గిన ధరమీద మళ్లీ కడితే లోపం విలువ మాయమైపోతూ వస్తుంది. బూజు తీయించడానికి మీరు ఇచ్చిన కూలిని మాత్రం ఈ అంకెకు తిరిగి కలపకండి. ఆ పని చేయించకపోతే నాలుగో వంతు పోయేది, చేయించినందుకు అయిదో వంతుతో సరిపోయింది. మీ కూలి అందులోనే ముట్టింది.

తాతగారి లెన్సు, నాన్నగారు మొదటి జీతంతో కొన్న లెన్సు అన్న సంగతులను నేను చాలా గౌరవిస్తాను, కాని అవి ఈ లెక్కలో చేరవు. ఆ రోజు ఇచ్చిన దుకాణం బిల్లు, వారంటీ కార్డు, అసలు పెట్టె ఉంటే అవి చేరతాయి. కాబట్టి లెన్సు దొరికిన చోటనే ఆ కాగితాల కోసం ఒక గంట వెతకండి.

చెప్పే ధర, ఆగే ధర

లెక్కలో వచ్చిన అంకెకు పైన పది శాతం దాకా కలిపి చెప్పే ధరగా, అదే అంకె నుంచి నాలుగైదు శాతం తగ్గించి ఆగే ధరగా, అంటే ఇక అంతకు దిగని ధరగా రాసుకోండి. మన ఉదాహరణలో అవి 6,500, 5,700. "మాస్టారూ, ఆఖరి మాట చెప్పేయండి" అని ఫోనులోనే అడుగుతారు. వస్తువు చూడనివారికి ఆగే ధర చెప్పకండి. వచ్చి, టార్చి వేసి, కెమెరాకు తగిలించి చూసుకున్నాక మాట్లాడుకుందామనండి. వచ్చి చూసినవాడు మీ కాగితంలో లేని లోపం చూపిస్తే ఒప్పుకొని తగ్గించండి. మీరు రాసిన లోపాన్నే చూపించి మళ్లీ తగ్గించమంటే, అది లెక్కలో ముందే పోయిందని కాగితం చూపించండి.

ప్రకటనలో లోపాల ఫోటోను రెండోదిగానే పెట్టండి, చివర దాచవద్దు. అమ్మే సమయం కూడా చూసుకోండి. ఆషాఢంలోను, మూఢంలోను పెళ్లిళ్లుండవు కాబట్టి ఫోటోగ్రాఫర్ల చేతిలో డబ్బు ఆడదు. పుష్యమాసం చివర ప్రకటన ఇస్తే మాఘ ముహూర్తాలకు ముందే కొనుక్కుంటారు. నాలుగు వారాలు గడిచినా ఒక్క ఫోను రాకపోతే ఏడెనిమిది శాతం తగ్గించండి, రోజుకొకసారి తగ్గిస్తూ పోకండి. అప్పటిదాకా లెన్సును తోలు సంచిలో నుంచి తీసి, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో, తేమ కొలిచే చిన్న మీటరు 40–50 శాతం మధ్య చూపేలా ఉంచండి.

డబ్బు యూపీఐలో వచ్చేటప్పుడు మీరు పిన్ను కొట్టవలసిన అవసరం ఎప్పుడూ రాదు; డబ్బు పంపుతామంటూ క్యూఆర్ కోడు పంపి స్కాన్ చేయమనేవారితో మాట అక్కడే ఆపేయండి. పార్సిలు పంపవలసి వస్తే ఫోకస్‌ను అనంతానికి తిప్పి, రెండు మూతలూ బిగించి, బుడగల ప్లాస్టిక్‌లో చుట్టి, ఒక సిలికా జెల్ పొట్లం వేసి, అన్ని వైపులా రెండంగుళాల మెత్తదనం ఉండే అట్టపెట్టెలో పెట్టి, బీమాతో పంపండి. పెట్టె మూసేముందు సీరియల్ నంబరు కనిపించేలా ఒకటి, టార్చి వెలుగులో రెండు వైపుల నుంచి రెండు ఫోటోలు ఆ రోజు తేదీతో తీసి, వాటిని కొన్నవారికి అప్పుడే పంపించి, లోపాలు రాసిన కాగితం నకలును లెన్సుతో పాటే పెట్టెలో ఉంచండి.